‘ఒరేయ్’ అనేవాళ్లు ఎందరు మిగిలారు?

మనిషికి వయసు పెరిగేకొద్దీ పిలుపులు పెరుగుతాయి. ఆఫీసులో ‘సార్’, బడిలో ‘మాస్టారు’, ఇంట్లో ‘ఏమండీ’, పిల్లలకు ‘నాన్న’, అల్లుడికి ‘మామయ్యగారు’, మనవలకు ‘తాతయ్య’. ఒక్కో పిలుపు వెనక ఒక్కో బాధ్యత. ఏ బాధ్యతా మోపని పిలుపు ఒక్కటే ఉంది... ‘ఒరేయ్’.

ఆ మాట అనే హక్కు అందరికీ ఉండదు. అమ్మానాన్నలకు, మేనమామలకు, అన్నయ్యలకు ఉంటుంది. అరవై దాటేసరికి వాళ్లలో చాలామంది వెళ్లిపోతారు. ఇక మిగిలేది చిన్ననాటి స్నేహితుడే. భార్య చూసింది పాతికేళ్ల పెళ్లికొడుకుని. పిల్లలు చూసింది సంపాదించే నాన్నని. పరాయివాళ్ల మామిడితోటలో దొరికిపోయి వీపు పగలగొట్టించుకున్న పదేళ్ల కుర్రాణ్ని చూసింది మాత్రం వాడొక్కడే. వాడు దూరమైతే ఆ కుర్రాడు ఉండేవాడని చెప్పే సాక్షి కూడా ఉండడు.

అంత విలువైన బంధాన్ని ఎవరైనా చేతులారా వదులుకుంటారా? వదులుకోరు. కానీ జారిపోనిస్తారు.

తగవు లేకుండానే...

ముసలితనంలో స్నేహాలు తెగిపోవడానికి గొడవలే కారణం అనుకుంటే పొరపాటు. చాలావాటికి ముగింపు అంటూ ఉండదు. రిటైరైన ఏడాది వారానికోసారి ఫోను. ఆ తర్వాత నెలకోసారి. తర్వాత ఉగాదికీ, సంక్రాంతికీ. ఆ తర్వాత పండగపూట రంగురంగుల బొమ్మ ఒకటి వాట్సాప్‌లో వస్తుంది. అవతలివాడు రెండు చేతులు జోడించిన గుర్తు పెడతాడు. అంతే. ఇద్దరూ బతికే ఉంటారు, స్నేహమే మంచాన పడుతుంది.

పిల్లల ఉద్యోగాల వెంట ఊరు మారడం ఒక కారణం. గుంటూరులో నలభై ఏళ్లు ఉన్న మనిషి బెంగళూరు అపార్టుమెంటులో తొమ్మిదో అంతస్తుకి చేరతాడు. సాయంత్రం వీధి అరుగు లేదు, కిళ్లీకొట్టు దగ్గర కబుర్లు లేవు. ఇన్నేళ్లూ స్నేహాన్ని నిలబెట్టింది ఆ అరుగే అన్న సంగతి అది పోయాక గానీ తెలియదు. రోజూ కనబడే మనిషితో స్నేహానికి ప్రయత్నం అక్కర్లేదు. కనబడని మనిషితో కావాలంటే పనిగట్టుకుని పూనుకోవాలి.

ఇక్కడే అసలు చిక్కు. పూనుకోవాల్సింది ఎవరు? ‘కిందటిసారి నేనే చేశాను, ఈసారి వాడే చేయాలి’ అని ఇక్కడ ఒక లెక్క. ‘మనవరాలి ఓణీల ఫంక్షనుకి పిలిస్తే రాలేదు, కనీసం ఫోనైనా చేయలేదు’ అని అక్కడ ఒక లెక్క. రెండిళ్లలోనూ రెండు ఖాతాలు తెరుచుకుంటాయి. వాణ్ని మాత్రం మరచిపోరు. రోజూ తలుచుకుంటూనే ఉంటారు, ఫోను మాత్రం తీయరు.

ముప్ఫై ఏళ్ల వయసులో ఇలా రెండేళ్లు బిగుసుకుని కూర్చున్నా నష్టం లేదు. ముందు బోలెడు కాలం ఉంది. డెబ్భైల్లో రెండేళ్లంటే చిన్న మాట కాదు.

అధ్యక్షులకూ తప్పలేదు

ఈ ‘నువ్వు ముందా, నేను ముందా’ పట్టింపు సామాన్యులకే కాదు, దేశాన్ని ఏలినవాళ్లకూ ఉంది. అమెరికా రెండో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్, మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ ఒకప్పుడు ప్రాణస్నేహితులు. 1776లో స్వాతంత్ర్య ప్రకటన రాసింది జెఫర్సన్ అయితే, దానికోసం సభలో గొంతు చించుకుని వాదించింది ఆడమ్స్. తర్వాత రాజకీయాలు వాళ్లను విడదీశాయి. 1800 ఎన్నికల్లో ఆడమ్స్ పదవిలో ఉండగానే జెఫర్సన్ చేతిలో ఓడిపోయాడు. కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి కూడా ఉండకుండా తెల్లవారుజామునే ఊరు విడిచి వెళ్లిపోయాడు. దాదాపు 11 ఏళ్లు ఇద్దరి మధ్యా ఉత్తరాల్లేవు.

వాళ్లను కలపాలని పట్టుబట్టినవాడు బెంజమిన్ రష్ అనే డాక్టరు. ఇద్దరికీ పాత స్నేహితుడు. ఒకరి గురించి మరొకరికి మంచిమాటలు మోస్తూ రెండేళ్లకు పైగా ఓపిగ్గా నడిపించాడు. చివరికి 1812 జనవరి 1న ఆడమ్సే ముందుగా కలం పట్టాడు. అప్పటికాయనకు 76 ఏళ్లు. ఆ ఉత్తరంలో పాత తగవుల ఊసే లేదు. ‘ఇంట్లో నేసిన రెండు గుడ్డలు పంపుతున్నాను’ అనే అర్థం వచ్చేలా సరదాగా రాశాడు. నిజానికి అవి గుడ్డలు కాదు, తన కొడుకు రాసిన రెండు పుస్తకాలు! పార్శిలు రాకముందే ఉత్తరం అందిన జెఫర్సన్ దాన్ని నిజంగానే గుడ్డలనుకుని, తమ వైపు నేత పనుల గురించి పొడుగాటి జవాబు రాశాడు. అలా మొదలైన ఉత్తరాలు 14 ఏళ్లు నడిచాయి. మొత్తం 158. వాటిలో ఆడమ్స్ రాసినవి 109, జెఫర్సన్ రాసినవి 49.

ఆ రెండంకెలూ మరోసారి చూడండి. ఒకటికి రెండుకు పైగా రాశాడు ఆడమ్స్. ‘నేను రెండు రాస్తే నువ్వు ఒకటేనా’ అని ఖాతా చూసుకుని ఉంటే మూడో ఉత్తరం దగ్గరే ఆగిపోయేది. 1818లో ఆడమ్స్ భార్య అబిగైల్ చనిపోయినప్పుడు ఓదార్పు ఉత్తరం రాసినవాళ్లలో ఒకడు జెఫర్సన్. అప్పటికే భార్యను పోగొట్టుకున్నవాడు కనుక ఏం రాయాలో ఆయనకు తెలుసు. ఇన్ని ఉత్తరాలు రాసుకున్నా మళ్లీ ముఖాముఖి కలుసుకున్నది లేదు. 1826 జులై 4న, స్వాతంత్ర్య ప్రకటనకు సరిగ్గా 50 ఏళ్లు నిండిన రోజున, ఇద్దరూ కొన్ని గంటల తేడాతో కన్నుమూశారు.

ఈ కథలో రష్ పాత్రను మరచిపోకూడదు. ముఖాలు మాడ్చుకున్న స్నేహితులు ప్రతి బృందంలోనూ ఇద్దరుంటారు. వాళ్లమధ్య మంచిమాట మోసే మూడోవాడు ఒకడుండాలి. చాడీలు మోసేవాళ్లకు కొదవ లేదు. మంచిమాట మోసేవాళ్లే తక్కువ.

చేతిలో పని ఉంటే...

మన దగ్గర స్నేహం అనగానే ఎవరికైనా గుర్తొచ్చే జంట బాపు, రమణ. సత్తిరాజు లక్ష్మీనారాయణ నరసాపురంలో 1933లో పుడితే, ముళ్లపూడి వెంకటరమణ 1931లో ధవళేశ్వరంలో పుట్టారు. ఇద్దరినీ కలిపింది మద్రాసు బడి. ఒకరిది గీత, మరొకరిది రాత. 1967లో ‘సాక్షి’తో మొదలుపెట్టి ‘ముత్యాల ముగ్గు’, ‘పెళ్లి పుస్తకం’... అన్నీ కలిసే చేశారు. చెన్నైలో రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉండేవి.

వాళ్ల స్నేహం గొప్పదని అందరూ అంటారు. అది అంతకాలం ఎలా నిలిచిందో గమనించేవాళ్లు తక్కువ. డెబ్భై దాటాక కూడా ఇద్దరి మధ్యా పని ఆగలేదు. రమణ ‘కోతి కొమ్మచ్చి’ అంటూ ఆత్మకథ రాస్తే బొమ్మలు బాపువే. ఆఖరి సినిమా ‘శ్రీరామరాజ్యం’ రచన రమణది, దర్శకత్వం బాపుది. ఆ సినిమా 2011 నవంబరులో విడుదలైంది. అదే ఏడాది ఫిబ్రవరి 24న రమణ వెళ్లిపోయారు. అంటే కడదాకా ఇద్దరూ కలిసి పనిచేస్తూనే ఉన్నారు.

అందరూ సినిమాలు తీయలేరు, నిజమే. కానీ కలిసి చేసే పని ఏదో ఒకటి పెట్టుకోవచ్చు. ఆదివారం పేపర్లో గళ్లనుడికట్టు ఇద్దరూ నింపి సాయంత్రం ఫోన్లో సరిచూసుకోవచ్చు. ఒకే పుస్తకం ఇద్దరూ చదవచ్చు. ఏటా ఒక్కసారి కార్తీక మాసంలో కలిసి ఒక క్షేత్రానికి వెళ్లొచ్చు. చదువుకున్న బడిలో పేదపిల్లలకు నోటు పుస్తకాలు కొనిచ్చే పని చెరి సగం పంచుకోవచ్చు. ‘బాగున్నావా’ అంటే ‘బాగున్నాను’తో మాట అయిపోతుంది. ‘అడ్డం పద్నాలుగు తేలిందా?’ అంటే మాటకు మాట పెరుగుతుంది.

పుట్టిల్లు దాటిన స్నేహాలు

మగవాళ్ల స్నేహం అరవైల్లో పలచబడితే, ఆ తరం ఆడవాళ్లలో చాలామందికి పద్దెనిమిదేళ్లకే తెగిపోయింది. పెళ్లితో ఊరు మారింది, ఇంటిపేరు మారింది. ‘ఒసేయ్’ అని పిలుచుకున్న జంట ఎవరి అత్తవారింటికి వాళ్లు వెళ్లారు. ఫలానా ఊరు ఇచ్చారట, ఇద్దరు పిల్లలట... అంతవరకే తెలుసు. నలభై ఏళ్లపాటు వంటింటి పనిలో ఆ ముఖం తలుచుకోవడానికే తీరిక లేదు.

తీరిక దొరికేది ఇప్పుడే. వెతకడమూ కష్టం కాదు. ఆమె ఇంటిపేరు మారినా పుట్టింటి పేరు మారదు. ఊళ్లో ఆమె తమ్ముడో, వదినో ఉంటారు. వాళ్లను అడిగితే నంబరు దొరుకుతుంది. పదో తరగతి బ్యాచ్‌ల వాళ్లు ఊరూరా పూర్వ విద్యార్థుల సమ్మేళనాలు పెట్టుకుంటున్నారు. వాటిలో ఆడవాళ్ల సంఖ్య తక్కువగా ఉండటానికి కారణం ఇష్టం లేక కాదు, చిరునామాలు దొరక్క. ఒక్కరు పూనుకుంటే మిగతావాళ్లు కలుస్తారు.

ప్రయాణానికి డబ్బు అడగాలంటే మొహమాటపడే తరం అది. ఆ ఇబ్బంది కొంత తీరింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. గుడికి వెళ్లడానికి ఎంత అందివచ్చిందో, పక్క జిల్లాలోని స్నేహితురాలిని చూసి రావడానికీ అంతే అందివచ్చింది. వెళ్లేటప్పుడు డబ్బాలో రెండు గవ్వలో, నాలుగు కజ్జికాయలో పెట్టుకుంటే చాలు. మాటలు అవే వస్తాయి.

గుండెకూ మంచిదే

ఇదంతా మనసు సంతోషం కోసమే కాదు. అమెరికాలో హార్వర్డు పరిశోధకులు 1938లో మొదలుపెట్టి తరాల తరబడి సాగించిన అధ్యయనం ఒకటుంది. కొన్ని వందలమందిని కుర్రతనం నుంచి ముసలితనం దాకా గమనించారు. ఎనభై ఏళ్లకు ఎవరు ఆరోగ్యంగా ఉంటారో యాభై ఏళ్లప్పటి కొలెస్ట్రాలు కన్నా, అప్పటి అనుబంధాల్లోని తృప్తే బాగా చెప్పగలిగిందని తేలింది. 2010లో మరో అమెరికా బృందం 148 అధ్యయనాలను, అంటే మూడు లక్షలకు పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. నలుగురితో గట్టి అనుబంధం ఉన్నవాళ్లకు బతికే అవకాశం మిగతావాళ్లకన్నా సగం ఎక్కువగా కనిపించింది.

అలాగని వందమంది స్నేహితులు కావాలని కాదు. వయసు పెరిగేకొద్దీ పరిచయాలు తగ్గడం సహజమే. ముందున్న కాలం తక్కువని తెలిసినప్పుడు మనిషి తనకు దగ్గరైన కొద్దిమందినే ఎంచుకుంటాడని స్టాన్‌ఫర్డ్ మానసిక శాస్త్రవేత్త లారా కార్‌స్టెన్‌సెన్ చాలాకాలంగా చెబుతున్నారు. పెళ్లి పిలుపుల జాబితా తగ్గితే బెంగ అక్కర్లేదు. ఆ కొద్దిమందీ జారిపోతేనే బెంగ.

అడ్డొచ్చేవి చిన్నవే

స్నేహానికి అడ్డుపడే వాటిలో పైకి చెప్పుకోనివి కొన్ని ఉంటాయి. మొదటిది చెవి. వినికిడి తగ్గిన మనిషి ఫోనంటే జంకుతాడు. రెండుసార్లు ‘ఆఁ... ఏంటీ?’ అన్నాక సిగ్గుపడి పెట్టేస్తాడు. అవతలివాడు ‘వీడికి పొగరు పెరిగింది’ అనుకుంటాడు. చెవి పరీక్ష చేయించుకుని మిషను పెట్టుకుంటే తేలిపోయే సంగతి. అంతవరకు వీడియో కాల్ చేస్తే పెదాల కదలిక చూసి అర్థం చేసుకుంటారు. ఉత్తరం రాయడం అలవాటున్న తరానికి అది ఉండనే ఉంది.

రెండోది జేబు. కలిసి చదువుకున్నవాళ్లలో ఒకరికి నెల తిరిగేసరికి పెన్షను, ఇంకొకరికి కొడుకు ఇస్తే పదో పరకో. పెద్ద హోటల్లో కలుద్దామంటే రెండోవాడు ఏదో వంక చెప్పి మానేస్తాడు. పార్కు బెంచీ మీదో, ఎవరింటి మేడ మీదో కలుద్దామంటే పరుగెత్తుకొస్తాడు. ఎక్కడ కలవాలో చెప్పే అవకాశం డబ్బు తక్కువున్నవాడికి వదిలేయడం మర్యాద.

మూడోది పిల్లల గొప్పలు. ‘మావాడు అమెరికాలో ఇల్లు కొన్నాడు’ అనే మాట, ఉద్యోగం లేని కొడుకున్న స్నేహితుడి ముందు అవసరమా? జబ్బుల సంగతీ అంతే. షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పులకు మొదటి పది నిమిషాలు ఇచ్చి తర్వాత వేరే మాట్లాడుకోవాలని ఇద్దరూ ఒప్పందం చేసుకోవడం మేలు.

నాలుగోది రాజకీయం. ఫార్వర్డు మెసేజీల పుణ్యమా అని యాభై ఏళ్ల స్నేహాలు ఒక్క సాయంత్రంలో గ్రూపు నుంచి బయటికి పోతున్నాయి. రాజాజీ, పెరియార్ రామస్వామి సిద్ధాంతాల్లో ఉత్తర దక్షిణ ధ్రువాలు. దేవుడి దగ్గర నుంచి భాష దాకా దేంట్లోనూ పొత్తు లేదు. ఒకరు సేలానికి, మరొకరు ఈరోడ్‌కు మునిసిపల్ చైర్మన్లుగా ఉన్న రోజులనాటి స్నేహం మాత్రం చెడలేదు. 1972 డిసెంబరులో రాజాజీ పోయినప్పుడు 93 ఏళ్ల పెరియార్ అంత్యక్రియలకు వచ్చి కంటతడి పెట్టారు. వాళ్లకన్నా పెద్ద అభిప్రాయ భేదాలు మన గ్రూపుల్లో ఉంటాయా?

ఇక దూరం. పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లినవాళ్లు ‘టైము కుదరదు’ అంటారు. హైదరాబాదులో సాయంత్రం ఆరంటే న్యూజెర్సీలో ఉదయం... వేసవిలో ఎనిమిదిన్నర, చలికాలంలో ఏడున్నర. ఇక్కడ టీ వేళ, అక్కడ కాఫీ వేళ. వారంలో ఒక రోజు, ఒక గంట ఖాయం చేసుకుంటే ‘ఎవరు ముందు’ అనే ప్రశ్నే రాదు. ఆ వేళకు ఫోను మోగకపోతే ఏదో తేడా ఉందని కూడా వెంటనే తెలుస్తుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు అది చిన్న రక్షణ కాదు.

పిల్లల వంతు

అమ్మానాన్నల స్నేహాలను నిలబెట్టడంలో ఇంట్లోవాళ్ల సాయం కూడా కావాలి. ‘ఈ వయసులో అంతదూరం ఎందుకు నాన్నా’ అనే మాటలో ప్రేమే ఉంటుంది. కానీ ఆ ఒక్క మాటతో ఆగిపోయిన ప్రయాణాలెన్నో! మందులు కొనిచ్చినట్టే, ఏడాదికోసారి స్నేహితుడి ఊరికి టిక్కెట్టు కొనివ్వాలి. పాత డైరీలోని నంబర్లను కొత్త ఫోన్లోకి ఎక్కించి, పేర్లు పెద్ద అక్షరాల్లో కనబడేలా చేయాలి. నాన్న స్నేహితుడు ఇంటికొస్తే పలకరించి, కాసేపు వాళ్లిద్దర్నీ వాళ్ల మానాన వదిలేయాలి. ఆ గదిలోంచి వినబడే నవ్వు అంతకుముందు ఎప్పుడు విన్నారో గుర్తుచేసుకుంటే సంగతి బోధపడుతుంది.

ఒకరు మిగిలాక...

ఎంత కాపాడుకున్నా ఏదో ఒకనాడు ఇద్దరిలో ఒకరే మిగులుతారు. తిరుపతి వెంకట కవుల్లో దివాకర్ల తిరుపతి శాస్త్రి ముందుగా కాలం చేశారు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి ఆ తర్వాత దాదాపు 30 ఏళ్లు జీవించారు. తానొక్కరే రాసిన వాటిని కూడా జంట పేరుతోనే వెలువరించారు. స్నేహితుడు పోయినా స్నేహాన్ని పోనివ్వలేదు.

ఆ పని ఎవరైనా చేయవచ్చు. పోయినవాడి భార్యను నెలకోసారి పలకరించడం, ఏదైనా ఫారం నింపాల్సి వస్తే తోడు వెళ్లడం, వాడి పిల్లలకు వాళ్ల నాన్న చిన్నప్పటి కథలు చెప్పడం... ఆ కథలు తెలిసినవాడు ఊళ్లో ఇంకొకడు ఉండకపోవచ్చు. మామిడితోటలో దెబ్బలు తిన్న కుర్రాడి కథ వాళ్లకు వారసత్వంగా ఇవ్వదగిన ఆస్తే.

అక్కడిదాకా రాకముందే చేయాల్సింది మాత్రం చాలా చిన్నది. ఈ ఆదివారం భోజనాలయ్యాక, కునుకు తీయకముందు, ఒక్క నంబరు నొక్కండి. ‘ఇన్నాళ్లూ ఏమైపోయావ్’ అన్న నిష్ఠూరంతో మొదలుపెట్టకండి. తాను చేయలేకపోయానని అవతలివాడికీ లోపల ఉంటుంది. ‘ఒరేయ్, నువ్వు గుర్తొచ్చావురా’ అనండి చాలు. మిగతా మాటలు వాడే అందుకుంటాడు.